రంగవిఘ్నాలు

భరతముని నాట్యశాస్త్రం ప్రథమాధ్యాయంలో ఒక విచిత్రమైన సంగతి ఉన్నది. లోకంలో మొట్టమొదటి నాటకమే నిరాటంకంగా సాగలేదు. ఇంద్రధ్వజోత్సవ సందర్భంలో, దేవతలు దైత్యులను జయించిన కథను భరతుడు తన కుమారుల చేత ఆడించాడు. చూచిన దేవతలు పరమానందభరితులై నటులకు కానుకలిచ్చారు. కాని ఆ సభలో దైత్యులు కూడ ఉన్నారు. తమ ఓటమిని వేడుకగా ప్రదర్శిస్తూ ఉంటే చూస్తూ కూర్చోవటం వారికి దుస్సహమయింది. విరూపాక్షుని ప్రోద్బలంతో విఘ్నగణాలు కదలి, మాయాబలం చేత నటుల వాక్కును, చేష్టను, స్మృతిని స్తంభింపజేశాయి.

ఈ మూడింటినీ ఏరి చెప్పిన ముని రంగస్థలం మీది కష్టం బాగా ఎరిగినవాడై ఉండాలి. పాఠశాల వార్షికోత్సవంలో వేషం కట్టి నిలిచిన బాలుడు, ముందు వరుసలో ఎవరో కిసుక్కున నవ్వగానే నోట మాట రాక, కాలు కదలక, నిన్నటిదాకా కంఠస్థమై ఉన్న పద్యం కాస్తా ఎగిరిపోయి తెల్లబోవటం చూచిన ఉపాధ్యాయుడెవరికైనా ఈ వరుస ఎంత నిజమో తెలుస్తుంది.

తరువాతి కథ ఇంకా గమనింపదగినది. ఇంద్రుడు కోపోద్రిక్తుడై ధ్వజదండాన్ని చేతబట్టి, దొరికిన విఘ్నులనందరినీ జర్జరులను గావించాడు. ఆ దండానికి జర్జరమన్న పేరు అందువల్లనే వచ్చింది. అయినా మిగిలినవారు మానలేదు. మళ్ళీ నాటకం మొదలుపెట్టగానే మళ్ళీ వచ్చి భయపెట్టసాగారు. అప్పుడు బ్రహ్మ ఆజ్ఞపై విశ్వకర్మ నాట్యగృహాన్ని నిర్మించాడు; అందులో ఒక్కొక్క తావున ఒక్కొక్క దేవత కాపలా నిలిచాడు. ఇంత కట్టుదిట్టం జరిగిన తరువాత, ముందు సామోపాయం ప్రయోగించి చూడవలసిందని దేవతలే బ్రహ్మను వేడుకొన్నారు. బ్రహ్మ విఘ్నులను పిలిచి కోపకారణం అడిగాడు. దేవతల కోరికపై పుట్టిన ఈ నాట్యం తమను కించపరచిందనీ, బ్రహ్మ వారికెంతో తమకూ అంతేననీ విరూపాక్షుడు మొరపెట్టుకొన్నాడు. నాట్యం ఒక పక్షం వారి సొత్తు కాదనీ, ముల్లోకాల మంచిచెడ్డలన్నీ అందులో ఉంటాయనీ బ్రహ్మ సమాధానం చెప్పాడు. దండం, కాపలా, సంభాషణ: ప్రదర్శనలు నడిపేవారికి ఈ మూడూ గాక నాలుగవ ఉపాయం నేటికీ దొరికినట్లు కనబడదు.

నటునికీ, నాటకకర్తకూ మాత్రం మరొక చిక్కు మిగిలి ఉన్నది. దానిని కూడ నాట్యశాస్త్రం విడిచిపెట్టలేదు. 27వ అధ్యాయంలో ప్రదర్శన సిద్ధించటానికీ, చెడటానికీ గల లక్షణాలు విస్తరించి ఉన్నాయి. ప్రదర్శనకు తగిలే దెబ్బలలో గాలి, వాన, నిప్పు మొదలయినవి దైవికాలు. సంభాషణ మరచిపోవటం, ఒకరి మాట ఒకరు చెప్పటం, కిరీటం జారిపడటం వంటివి నటుడు తనకు తాను తెచ్చుకొన్నవి. ఇక శత్రువులు కల్పించేవి కొన్ని: పెద్దపెట్టున కేకలు వేయటం, చప్పుళ్ళు చేయటం, పేడముద్దలు, మట్టిగడ్డలు, చీమలు రంగం మీద విసరటం. మాత్సర్యం, పక్షపాతం, లంచం వీటికి మూలమట! చీమలను పట్టి తెచ్చిన ప్రేక్షకుని ఓపికను మెచ్చుకోవలసిందే. కుళ్ళిన కోడిగుడ్డు అంతకన్న ఏ విధంగానూ నాగరికమైనది కాదు.

ఈ విభజన చదువుకొనటానికి సులభంగానే ఉన్నది. ఆచరణలోనే కష్టం. వెక్కిరింపు చెవిని బడిన క్షణంలో, అది తన లోపం వల్ల పుట్టిందా, ఎదుటివాని ద్వేషం వల్ల పుట్టిందా, లేక ఆనాటి గాలివాటమా అని కళాకారుడు తేల్చుకొనటం ఎట్లా? ఈల అన్నిటికీ ఒకే విధంగా వినిపిస్తుంది. కళాకారుల చరిత్రలో పెద్ద పొరపాట్లు అనేకం ఈ తేల్చుకొనటంలో జరిగినవే.

ఆంటన్ చెఖోవ్ వ్రాసిన 'సీగల్' నాటకం 1896 అక్టోబరులో, రష్యాలోని నాటి పంచాంగం ప్రకారం 17వ తేదీన, సెంట్ పీటర్స్‌బర్గ్‌లోని అలెగ్జాండ్రిన్‌స్కీ నాటకశాలలో మొదటిసారి ప్రదర్శితమయింది. ఆ రాత్రి వసూలు లెవ్‌కేయెవా అనే ప్రఖ్యాత హాస్యనటి గౌరవార్థం ఏర్పాటయినది. ఆమెకు ఈ నాటకంలో పాత్రే లేదు. తరువాత ఆడబోయే ప్రహసనంలో ఉన్నది. ఆమెను చూచి కడుపుబ్బ నవ్వాలని టిక్కెట్లు కొనుక్కొని వచ్చినవారి ముందు, విషాదచ్ఛాయలతో మెల్లగా నడిచే ఈ కొత్త తరహా నాటకాన్ని పెట్టారు. అభ్యాసాలు కూడ చాలినన్ని జరగలేదు. మొదటి అంకంలో నాటకంలోని నాటకం ఒకటి ఉన్నది. ట్రెప్లెవ్ అనే యువకుడు తాను వ్రాసిన రూపకాన్ని నీనా అనే బాలిక చేత ఆడిస్తాడు. అతని తల్లి మధ్యలో హేళన చేయగా, అతడు కోపంతో తెర దింపించివేస్తాడు. సరిగా అక్కడే, నీనా పాత్రధారిణి కొమిస్సర్జెవ్‌స్కయా సుదీర్ఘ ప్రసంగం వద్దనే, నాటకశాలలో నవ్వులు మొదలయినాయి. చెఖోవ్ కాగితం మీద కల్పించిన అవమానం ఆ రాత్రి అతని కళ్ళముందే నిజమై నిలిచింది.

రెండంకాలు ముగిసేవరకు అతడు సభలో కూర్చొన్నాడు. తరువాత తెరవెనుకకు పోయి నటీమణుల గదిలో తలదాచుకొన్నాడు. నాటకం ముగిసిన పిమ్మట ఒంటరిగా ఒక హోటలులో భోజనం చేసి, చలిలో వీథుల వెంట చాలసేపు తిరిగాడు. ఏడు వందల ఏళ్ళు బ్రతికినా మరొక నాటకం ఏ నాటకశాలకూ ఇవ్వనని ప్రచురణకర్త అయిన మిత్రుడు సువోరిన్‌తో చెప్పి, మర్నాడు ఎవరి వద్దనూ సెలవు తీసుకోకుండా రైలెక్కి, మేలిఖోవోలోని ఇంటికి వెళ్ళిపోయాడు.

ఇంతవరకు అందరూ చెప్పే కథే. అయితే నాలుగయిదు రోజులకే అతడు సువోరిన్‌కు వ్రాసిన లేఖను కూడ చదివితే గాని అతని స్వభావం బోధపడదు. పిరికివాడవై పారిపోయావన్న నిందకు అది సమాధానం. పెళ్ళికి అడిగి కాదనిపించుకొన్నవాడు, అక్కడి నుంచి వెళ్ళిపోవటం తప్ప మరేమి చేస్తాడని అతని వాదం. ఇంటికి చేరి ఆముదం త్రాగాననీ, చన్నీళ్ళతో కడుగుకొన్నాననీ, ఇక కొత్త నాటకం వ్రాయటానికయినా సిద్ధమేననీ అందులో వ్రాశాడు. వృత్తిచేత వైద్యుడు గదా, తన గాయానికి చికిత్స తానే చేసుకొన్నాడు! మరుసటి సంవత్సరమే 'అంకుల్ వాన్యా' అచ్చయింది.

ఇంకొక విశేషం. అక్టోబరు 21న జరిగిన రెండవ ప్రదర్శనను ప్రేక్షకులు ఆదరించారు. నాటకం అదే, నటులు వారే. మొన్నటి హాస్యప్రియులు మాత్రం లేరు. విజయం లభించిందని కొమిస్సర్జెవ్‌స్కయా ఆ రాత్రే అతనికి ఉత్సాహంతో జాబు వ్రాసింది. అయినా మొదటి రాత్రి తగిలిన దెబ్బ అంత త్వరగా మానలేదు. రెండు సంవత్సరాల తరువాత నెమిరోవిచ్ డాంచెంకో తమ కొత్త మాస్కో ఆర్ట్ థియేటరుకు ఆ నాటకాన్ని ఇమ్మని ప్రాధేయపడినప్పుడు చెఖోవ్ మొదట ఒప్పుకోలేదు.

1898 డిసెంబరు 17న మాస్కోలో తెర లేచింది. చెఖోవ్ అప్పటికి క్షయతో యాల్టాలో ఉన్నాడు. మరొకసారి పరాజయం కలిగితే అతని ఆరోగ్యం ఏమవుతుందోనన్న భయం నటులందరినీ పీడిస్తున్నది. వలేరియన్ చుక్కలు పుచ్చుకొని రంగం మీదికి వచ్చామని స్తానిస్లావ్‌స్కీ తన ఆత్మకథలో చెప్పుకొన్నాడు. మొదటి అంకం ముగిసి తెర పడింది. సభలో చడీ చప్పుడూ లేదు. క్షణాలు గడుస్తున్నా శ్మశాన నిశ్శబ్దమే. నటులు ఒకరి ముఖం ఒకరు చూచుకొన్నారు. ఓల్గా నిప్పర్‌కు స్పృహ తప్పినంత పని అయింది. అంతా పోయిందనుకొని గదులవైపు కదలబోతూండగా, కట్ట తెగినట్లు కరతాళధ్వనులు విరుచుకుపడ్డాయి.

పీటర్స్‌బర్గ్ నవ్వునూ, మాస్కో నిశ్శబ్దాన్నీ నటులు మొదట ఒకే విధంగా, పరాజయంగానే అర్థం చేసుకొన్నారు. భరతముని అయితే ఆ నిశ్శబ్దాన్ని వెంటనే గుర్తుపట్టి ఉండేవాడు. నవ్వులు, శభాషులు, ఉత్తరీయాలు విసరటం: ఇవన్నీ ఆయన దృష్టిలో మానుషసిద్ధి లక్షణాలు. శబ్దం లేక, క్షోభ లేక, సభ నిండుగా ఉండటం దైవసిద్ధి.

తన తప్పు కాని దానిని తనదిగా భావించి చెఖోవ్ బాధపడ్డాడు. ఐర్లండులో ఇందుకు విరుద్ధమైన దృశ్యం కనిపిస్తుంది. జాన్ మిల్లింగ్టన్ సింగ్ రచించిన 'ప్లేబాయ్ ఆఫ్ ది వెస్టర్న్ వరల్డ్' నాటకాన్ని 1907 జనవరి 26న డబ్లిన్ నగరంలోని ఆబీ థియేటరులో ఆడారు. తండ్రిని చంపివచ్చానని చెప్పుకొనే యువకుణ్ణి ఒక పల్లెవారు వీరుణ్ణి చేసి ఆదరించటం అందులోని కథ. మూడవ అంకంలో స్త్రీల లోవస్త్రాన్ని చెప్పే ఒక్క సామాన్యమైన మాట వినబడగానే సభ అల్లకల్లోలమయింది. స్వాతంత్ర్యం కోసం పెనుగులాడుతున్న జాతికి, తమ పల్లెటూళ్ళనూ తమ ఆడపడుచులనూ లోకం ముందు హీనపరచినట్లు తోచింది. విరూపాక్షుని మొర ఇదే గదా! వారి బాధలో ఏమీ లేదని అనటం న్యాయం కాదు. అయితే నాటకాన్ని పూర్తిగా విననివ్వకపోవటం మరొక సంగతి.

ఆ వారమంతా నటులు నోళ్ళు కదుపుతూ ఉంటే, ఈలలూ, బాకాలూ, నేలను దన్నే కాళ్ళ చప్పుడూ తప్ప ప్రేక్షకులకు మరేమీ వినబడలేదు. పోలీసులను పిలిపించారు, కొందరిని అరెస్టు చేశారు. థియేటరు నిర్వాహకులలో ఒకడైన కవి యేట్స్ ఒక్క ప్రదర్శన కూడ రద్దు చేయటానికి ఒప్పుకోలేదు. వారం ముగిసిన తరువాత ఫిబ్రవరి 4న అదే థియేటరులో బహిరంగ చర్చ ఏర్పాటు చేసి, కేకలు వేసినవారిని కూడ వచ్చి మాట్లాడవలసిందిగా ఆహ్వానించాడు. ఇంద్రుడూ బ్రహ్మా చేసిన పనులను ఒక్కవారంలో ఒక్కడే చేశాడన్నమాట. పోలీసుల సహాయం తీసుకొన్నందుకు అతనిని దుయ్యబట్టినవారున్నారు. చర్చకు పిలిచినందుకు మాత్రం నిందింపజాలరు.

ఈ నాటకసమాజమే 1911లో అమెరికాకు వెళ్ళినప్పుడు, నవంబరు 27న న్యూయార్క్‌లో మళ్ళీ గలభా చెలరేగింది. రంగం మీదికి బంగాళాదుంపలు వచ్చి పడ్డాయి. అప్పుడు లేడీ గ్రెగరీ చేసిన పని నటనావృత్తిలో ఉన్నవారందరూ నేర్చుకోదగినది. అరవై ఏళ్ళకు చేరువలో ఉన్న ఆ మహిళ తెరవెనుకకు పోయి, రంగాలంకరణలోని పొయ్యి రంధ్రం వద్ద మోకాళ్ళపై కూర్చొని, తన మాట వినబడేటంత దగ్గరకు వచ్చిన ప్రతి నటునికీ ఒక్కటే చెప్పసాగింది: ఒక్క క్షణం కూడ ఆగవద్దు, ఎట్లాగూ వినబడదు గనుక గొంతు అలసట పెట్టుకోవద్దు, ఈ అంకమంతా మళ్ళీ మొదటి నుంచి ఆడుదాం. అల్లరి చేసినవారిని బయటకు పంపిన తరువాత ఆ అంకాన్ని నిజంగానే మళ్ళీ మొదటి నుంచీ ఆడారు. మర్నాడు మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ వచ్చి ఆమె పక్కన కూర్చొని నాటకం చూశాడు. మరుసటి జనవరిలో ఫిలడెల్ఫియాలో నటులను అరెస్టు చేసిన మాట కూడ నిజమే. అయినా నాటకం ఆగలేదు.

రంగస్థల నటునికి రేపు అనేది ఒకటి ఉన్నది. చలనచిత్ర దర్శకునికి ఆ సదుపాయం లేదు. అతని పని ముగిసి డబ్బాలలోకి ఎక్కిన తరువాతనే ఈలలు వినబడతాయి. అప్పుడతని చేతిలో మిగిలేది కత్తెర ఒక్కటే.

ఫ్రెంచి దర్శకుడు జీన్ రెన్వార్ 'రూల్స్ ఆఫ్ ది గేమ్' చిత్రాన్ని 1939 జులై 7న పారిస్‌లో విడుదల చేశాడు. ధనికవర్గం వారి కపటజీవితాన్ని నవ్వుతూనే చీల్చిచూపిన చిత్రమది. యుద్ధం ముంచుకొస్తున్న రోజులు. ప్రేక్షకులు ఈలలు వేశారు, కేకలు పెట్టారు. ఒక పెద్దమనిషి వార్తాపత్రికకు నిప్పంటించి సినిమాహాలునే తగలబెట్టబోవటం తాను చూచానని రెన్వార్ తరువాత చెప్పుకొన్నాడు. ఆ చిత్రంలో ఆక్టేవ్ అనే ముఖ్యపాత్ర అతడే ధరించాడు. విడుదలకు ముందే కొంత కత్తిరించిన చిత్రాన్ని, ఈ గోల విన్న తరువాత మళ్ళీ కత్తిరించసాగాడు. ఏ తావున సభ అలజడి చెందితే ఆ తావున కత్తెర పడింది. ముఖ్యంగా తాను కనబడే దృశ్యాలనే ఎక్కువగా తీసివేశాడు. తన ముఖం చూపటానికే సిగ్గుపడినట్లు! గంటన్నర చిత్రం ఎనభై నిమిషాల చిల్లరకు కుంచించుకుపోయింది. ఈలలు తగ్గలేదు. తీసివేసిన దృశ్యాలు పోగా మిగిలినవాటి అర్థం మరింత అస్పష్టమయింది గనుక తగ్గటానికి కారణమూ లేదు. ఆ అక్టోబరులో ప్రభుత్వం చిత్రాన్ని నిషేధించింది. యుద్ధకాలంలో బాంబుదాడిలో మూలప్రతి నాశనమయింది.

కథ అంతటితో ముగిసేదే. కాని యుద్ధానంతరం ఇద్దరు ఔత్సాహికులు, గబొరీ, మరెషాల్ అనేవారు, చెల్లాచెదురై పడి ఉన్న ఫిలిం పెట్టెలను వెదకి పట్టుకొన్నారు. రెన్వార్ సలహాతో ముక్కకు ముక్క అతికి, 106 నిమిషాల చిత్రంగా 1959లో వెనిస్ ఉత్సవంలో ప్రదర్శింపజేశారు. ప్రపంచంలోని ఉత్తమచిత్రాల పట్టికలలో దానికి స్థిరమైన స్థానం ఏర్పడింది. ఇరవై ఏళ్ళ క్రిందట భయపడి కోసివేసుకొన్న అవయవాలను పరాయివారు తెచ్చి అతికించవలసివచ్చింది. రెన్వార్‌ను పిరికివాడని అనటానికి నోరు రాదు. ప్రేక్షకులను ప్రేమించినవాడు గనుకనే వారి మాటకు అంత విలువ ఇచ్చాడు. ఆ ప్రేమకే అంత మూల్యం చెల్లించాడు.

ఆంటోనియోనీ అదృష్టవంతుడు. 1960లో కాన్ ఉత్సవంలో అతని 'లవెంచురా' ప్రదర్శన సాగుతూండగానే ప్రేక్షకులు వెకిలిగా నవ్వారు, కత్తిరించమంటూ అరిచారు. దర్శకుడూ, నాయిక మోనికా విట్టీ హాలు విడిచి వెళ్ళిపోయారు. మర్నాటి ఉదయానికి రొసెల్లినీ వంటి దర్శకులు, విమర్శకులు కొందరు సంతకాలు చేసి ఆ చిత్రాన్ని శ్లాఘిస్తూ ఒక ప్రకటన వెలువరించారు. న్యాయనిర్ణేతల బహుమతి కూడ లభించింది. కత్తెర అందుకొనటానికి వ్యవధి లేకుండానే ఊరట దొరికింది.

అరుపులకు సమాధానం లేకపోవచ్చును గాని, హేతుబద్ధమైన విమర్శకు ఉంటుంది. రెన్వార్ 1949లో 'రివర్' చిత్రం కోసం కలకత్తా వచ్చినప్పుడు అతని వెంట తిరిగిన యువకుడు సత్యజిత్ రాయ్. అతడు 1964లో ఠాకూరు నవలిక ఆధారంగా 'చారులత' తీసినప్పుడు, మూలాన్ని మార్చాడని బెంగాలీ పత్రిక 'పరిచయ్'లో తీవ్రమైన విమర్శ వెలువడింది. రాయ్ అలగలేదు, మౌనమూ వహించలేదు. కథలో ఏమున్నది, తెరమీద దానిని ఎందుకు మార్చవలసివచ్చింది అన్నది సవిస్తరంగా వివరిస్తూ ప్రత్యుత్తరం వ్రాశాడు. సాహిత్యం చలనచిత్రంగా మారటంలోని రహస్యాలు తెలుసుకోగోరే విద్యార్థులకు అది నేటికీ పాఠ్యగ్రంథం వంటిది. విమర్శకుడు అంత తీవ్రంగా వ్రాయకపోతే అది పుట్టేదే కాదు.

తెలుగు రంగస్థలం మీద విఘ్నం తరచుగా మెప్పు వేషంలో వచ్చింది. పద్యనాటకాల కాలంలో ఒన్స్‌మోర్ కేకకు లొంగి, మరణించిన పాత్ర కూడ లేచి పద్యం తిరిగి చదివి మళ్ళీ పడుకొనేదని పెద్దలు నవ్వుతూ చెప్పుకొనేవారు. రసం భగ్నం కావటానికి పేడముద్దే పడనక్కరలేదు. బళ్ళారి రాఘవ (1880–1946) వంటి మహానటుడు, పద్యాన్ని రాగంతో సాగదీయకుండా భావానికి అనువుగా పలకాలని పట్టుబట్టారంటే, పాట కోసమే వచ్చిన సభ మెప్పును ఆ మేరకు వదులుకొనటానికి సిద్ధపడ్డారన్నమాట. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలన్న ఆయన వాదం కూడ ఆనాటి సభలకు రుచించేది కాదు.

అయితే, వెక్కిరించేవానిని బయటకు గెంటకుండా, పీట వేసి రంగం మీదనే కూర్చోబెట్టిన కళ ఒకటి తెలుగువారికి ఉన్నది. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులలో ఒకడు అప్రస్తుత ప్రసంగి. అవధాని ఒక ప్రక్క నిషిద్ధాక్షరికి అక్షరం అక్షరం తడుముకొంటూ, మరొక ప్రక్క సమస్యాపూరణానికి పాదం కూర్చుకొంటూ ఉండగా, సరిగా ఆ సందు చూచి ఏదో ఒక కొంటెప్రశ్న విసరటం అతని పని. ఏకాగ్రతను చెడగొట్టటమే అతని ధర్మం; ఆ పని సమర్థంగా చేయకపోతే సభ అతనినే తప్పుపడుతుంది. అవధాని కోపగించరాదు, విననట్లు ఊరుకోరాదు. నవ్వుతూ, నవ్విస్తూ జవాబు చెప్పి, మరుక్షణమే విడిచిన పాదం దగ్గరకు రావాలి. తిరుపతి వేంకట కవులు ఊరూరా సభలు జరిపి ఈ విద్యకు దేశమంతటా ఆదరం కల్పించిన నాటి నుంచీ, అప్రస్తుత ప్రసంగం కోసమే అవధానానికి వచ్చేవారు కూడ తయారయ్యారు.

నాలుగు ఆవృత్తులు ముగిసిన తరువాత అవధాని ధారణ ఆరంభిస్తాడు. విడివిడిగా, ముక్కలు ముక్కలుగా చెప్పిన పద్యాలన్నిటినీ వరుసగా, నిండుగా అప్పజెపుతాడు. సమస్య వస్తుంది, దత్తపది వస్తుంది, వర్ణన వస్తుంది. అప్రస్తుత ప్రసంగి అంతసేపు అడిగిన మాటలలో ఒక్కటి కూడ అందులో ఉండదు. అతడూ అందరితో పాటు చెవి ఒగ్గి వింటూ కూర్చొంటాడు.